అకీకు పూస: పుట్టుక, పేరు

ఎర్ర అకీకు మన ఫలక్‌నుమా విద్యార్థులకు కొత్త వస్తువు కాదు. చార్మినారు పరిసరాలలో ఉంగరాలు అమ్ముచోట ‘యమనీ అకీక్’ అన్న మాట వింటూనే ఉంటాము. ఆ జాతి రాతితో చేసిన పాత పూసలనే విదేశీ వర్తకులు ‘తిబ్బతు పూసలు’ అంటారు. ఈ పేర్లు రాతి పుట్టుకను తెలుపునా అన్నది ఇచ్చట విచారింతము.

అరబ్బీలో ‘అకీక్’ అనగా వరద కోసిన లోయ అని కూడా అర్థం. మదీనా చెంత ఆ పేరుగల లోయ ఉన్నది. ఆంగ్లేయులు దీనిని కార్నెల్ అను ఎర్రని పండు పేరిట పిలిచి, పిదప లాటినులో మాంసమను మాటతో ముడిపెట్టి వర్ణక్రమం మార్చారు. తిబ్బతీయులు ఈ పూసలను తరతరాలుగా ధరించి, వారసత్వంగా ఇచ్చుకున్నారు. అంతమాత్రాన అవి తిబ్బతులో పుట్టినవని తేలదు. హిందూదేశం నుండి వర్తకుల మూటలలో చేరినవి వాటిలో పెక్కు.

మన దేశంలో ప్రసిద్ధమైన గనులు గుజరాతులోని రతన్‌పూర్‌లో ఉన్నవి. పూసలు చేయుపని ఖంభాతులో సాగుతుంది. గనినుండి తీసినప్పుడు రాయి సాధారణంగా ఇంత ఎర్రగా ఉండదు. ఎండలో ఆరబెట్టి, కుండలలో పెట్టి కాల్చగా రాతిలోని ఇనుము ఎరుపెక్కుతుంది. రంధ్రం వేయుటకు వింటితో తిప్పే బరమాకు వజ్రపు తునకలు పొదుగుతారు. రతన్‌పూర్ కొండపై బావా గోర్ దర్గా కలదు. ఆయన ఆఫ్రికా నుండి వచ్చి అకీకు వర్తకాన్ని వర్ధిల్లజేసెనని సిద్దీల నమ్మకం. ‘బాబాగోరీ’ అను అకీకు రకానికి ఆయన పేరే. ఆఫ్రికా అశ్వికదళం వలన పేరొందిన ఏ.సీ. గార్డ్స్ ఉన్న మన నగరానికి ఈ కథ దూరపుది కాదు.

సోడాక్షారంతో గీతలు వ్రాసి కాల్చిన అకీకు పూసలు మరొక రకం. ఎర్రని రాతిపై తెల్లని గీతలు చెరగక నిలుస్తాయి. వీటిని గూర్చి 1949లో గ్రంథం వ్రాసిన ఎం.జి. దీక్షిత్, 1952లో మన కొండాపురం పూసలను పరిశీలించి ప్రకటించారు. ఇది హైటెక్ సిటీ చెంతనున్న కొండాపూర్ కాదు. సంగారెడ్డి జిల్లాలోని శాతవాహనుల నాటి పట్టణం. గులాం యజ్దానీ గారి కాలంలో, 1940 ప్రాంతాన, హైదరాబాదు పురావస్తుశాఖ దానిని త్రవ్వించినది. ప్రదర్శనశాల అక్కడనే ఉన్నది.

ఎక్కడ దొరికినదో వ్రాసిపెట్టబడినందుననే ఆ పూసలు నేడు కొండాపురం పూసలు. వానకు బయటపడిన పూసను ఎవరో ఏరి అమ్మివేసినచో, అది ఏ నగరపు దుకాణంలోనో తిబ్బతు పూసగా కనిపించవచ్చును. అప్పుడది మనదని చెప్పుటకు మన చేతిలో ఏ ఆధారమూ ఉండదు.