పాత మోటారుసైకిలును దూరప్రయాణమునకు సిద్ధపఱచుట

మన పై తరగతుల విద్యార్థులలో కొందఱు, ఇంటనున్న పాత బుల్లెట్టును లడాకు వంటి కఠినమైన బాటలకు తగినట్లు మార్చుట ఎట్లని మమ్ము నడుగుచుందురు. ప్రశ్న మంచిదే. ఇందులో యంత్రశాస్త్రమును, గణితమును, చట్టమును కలసియున్నవి. ఒక మనుష్యుని ప్రాణము కూడ దీనిపై ఆధారపడియున్నది గనుక దీనిని వేడుకగా గాక పాఠముగా చదువుదము. పదునెనిమిది యేండ్లు నిండి లైసెన్సు పొందినవారే బండిని నడపవలెను. లెక్క నేర్చుకొనుటకు మాత్రము ఏ వయస్సైనను తగినదే.

యంత్రమునందు ఏ భాగమును ఒంటరిగా లేదు. ఒకదానిని మార్చినయెడల అది ప్రక్కనున్న దానిని కదల్చును. ఈ యొక్క మాట మనస్సునందుంచుకొనిన చాలును. తక్కినదంతయు దీని వివరమే.

1. బండిని ఎఱుగుట

మద్రాసులో 1955వ సంవత్సరమున తయారు మొదలైన 350 బుల్లెట్టును ఉదాహరణముగా తీసికొందము. పాత ఇంజనులో సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటరులు, పిస్టను నడచు దూరము 90 మిల్లీమీటరులు. స్తూపము ఘనపరిమాణము కట్టు సూత్రముచే లెక్కించిన 346 ఘన సెంటీమీటరులు వచ్చును. పిస్టను నడచు దూరము వ్యాసముకంటె ఎక్కువగా నుండుటచే ఇది తక్కువ వేగమునందే బాగుగా లాగును. దూరప్రయాణమునకు కావలసిన గుణ మిదియే గనుక ఇంజను శక్తిని పెంచవలసిన పనిలేదు.

ఆంగ్ల రచయితయైన టెడ్ సైమను 1973 నుండి 1977 వఱకు ప్రపంచమును చుట్టివచ్చినది 500 సి.సి. ట్రయంఫు బండిపైన. అదియు రోడ్డుపై నడచుటకు చేసిన బండియే. సుమారు లక్ష కిలోమీటరులు అది ఆయనను మోసెను.

కావున పాతబండికి చేయవలసిన మొదటి మార్పు మరమ్మతే. హ్యాండిలు బేరింగులు, వెనుక ఫోర్కు బుష్షులు, చక్రముల బేరింగులు, చైను, రబ్బరు గొట్టములు, విద్యుత్తీగలు, వీనిని ఒక్కొక్కటిగా విప్పి చూచి, అరిగినదానిని మార్చిన పిమ్మటనే క్రొత్త సామానును గూర్చి ఆలోచింపవలెను.

2. బరువు ఉంచు చోటు

తులాదండ సూత్రమును మీరు చదివియున్నారు. ఈ బండి రెండు చక్రముల ఇరుసుల నడుమ దూరము సుమారు 137 సెంటీమీటరులు. వెనుక ఇరుసునకు 40 సెంటీమీటరులు వెనుకగా 30 కిలోల పెట్టెను కట్టితిమనుకొనుడు. 30ని 40చే గుణించి 137చే భాగింపగా సుమారు 9 వచ్చును. అనగా ముందుచక్రముపై 9 కిలోల భారము తగ్గును. వెనుకచక్రముపై 39 కిలోలు పెరుగును. ముందుచక్రము తేలికయైన బండి, కంకరబాటలో హ్యాండిలు చెప్పిన మాట వినదు. అదే బరువును రెండు సంచులుగా చేసి, ఇరుసునకు ముందుగా, క్రిందుగా, ఇరుప్రక్కల సమముగా వ్రేలాడదీసినయెడల ఈ కీడు తొలగును.

3. బ్రేకులు

బండి 165 కిలోలు, మనిషి 70 కిలోలు, మొత్తము 235. దీనికి 40 కిలోల సామాను చేర్చిన 275 అగును. ఆపవలసిన శక్తి ఆఱింట ఒక వంతు పెరిగినది. వేగమును గంటకు 60 నుండి 80 కిలోమీటరులకు పెంచినయెడల, వేగము వర్గమునుబట్టి ఆ శక్తి ఒకటిన్నఱ రెట్లకుపైగా, అనగా 1.78 రెట్లు అగును. బరువుకంటె వేగ మెంత ఘోరమైనదో ఈ రెండంకెలు చెప్పుచున్నవి.

పాతబండి డ్రమ్ము బ్రేకులు ఇంత సామానును తలంచి చేసినవి కావు. గనుక పెట్టెలకు ఇనుము కొనకముందే బ్రేకు షూలను, కేబులును, డ్రమ్ము లోపలి అరుగుదలను చూపించుకొనవలెను. దిగుడు బాటలో బ్రేకునే నమ్ముకొనక తక్కువ గేరులో దిగవలెను.

4. ఎత్తు

రాళ్లు తగులకుండ బండిని ఎత్తుచేయుట చాలమందికి తోచు మొదటి ఆలోచన. పొడవైన షాకబ్సార్బరులను వెనుక వేసిరనుకొనుడు. వెనుకభాగము లేచును, ముందు ఫోర్కు నిలువుగా మాఱి హ్యాండిలు చంచలమగును, చైను బిగువు మాఱును, ప్రక్కస్టాండు పొట్టిదై బండి ఒఱిగి పడును. ఒక్క మార్పు నాలుగింటిని కదల్చినది! రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థవారు 2016లో తెచ్చిన హిమాలయను అను బండికి 21 అంగుళముల ముందుచక్రమును, నేలనుండి 220 మిల్లీమీటరుల ఎత్తును ఏర్పఱచిరి. అయితే అది మొదటినుండి అట్లే గీయబడిన బండి. పాత బుల్లెట్టును అట్టిదానిగా కోసి అతికింపబూనుట మేలుగాదు. దాని 19 అంగుళముల చక్రములనే యుంచి, లోతైన గాళ్లుగల టైరులు వేసి, స్పోకులు బిగించి, ఇంజను అడుగున ఒక దళసరి రేకు కట్టించిన చాలును. ఆ రేకునకు గాలి పోవుటకును, నూనె దించుటకును రంధ్రము లుండవలెను.

5. పెట్రోలు, గాలి

మనాలినుండి లేహునకు పోవు త్రోవలో, తండి అనుచోట, తరువాతి పెట్రోలు బంకు 365 కిలోమీటరుల దూరమున నున్నదని తెలుపు పలక చాలకాలము ప్రసిద్ధమై యుండెను. 14 లీటరుల ట్యాంకుతో, లీటరుకు 30 కిలోమీటరుల చొప్పున 420 కిలోమీటరులు పోవచ్చును. కొండ యెక్కుటలో 25 మాత్రమే వచ్చెనా, 350తో బండి ఆగును. కావున 5 లీటరుల డబ్బా ఒకటి, సైలెన్సరు వేడి తగులని చోట, కదలకుండ బిగింపవలెను.

ఆ త్రోవలోని తంగ్లంగ్ లా కనుమ 5,300 మీటరులకు పైబడిన ఎత్తున నున్నది. అక్కడి గాలి యొత్తిడి సముద్రతీరమందున్న దానిలో సుమారు సగము. పాత కార్బురేటరు ఈ సంగతి నెఱుగదు. గాలికి మించిన పెట్రోలు నిచ్చును. నల్లని పొగ వచ్చును, ప్లగ్గు మసిబాఱును, శక్తి తగ్గును. చిన్న జెట్టు వేసినయెడల కొంత నయము. అయితే పల్లమునకు దిగినతోడనే పాత జెట్టును తిరిగి వేయవలెను. లేనియెడల పెట్రోలు చాలక ఇంజను మితిమీఱి కాగి, పిస్టను పట్టుకొనును.

6. చట్టము

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమునందలి తయారీదారుని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టును ఈ నియమమును బలపఱచినది. సంచులు కట్టుట వేఱు, ఫ్రేమును కోయుట వేఱు. సందేహమున్నయెడల పనికి ముందే రవాణా కార్యాలయమువారి నడుగవలెను. ప్రమాదము జరిగిన పిమ్మట భీమా సంస్థతో వాదించుటకంటె ఇది సులభము.

తల్లిదండ్రులకు ఒక మనవి. కుమారుడు ఇట్టి పని తలపెట్టినయెడల వట్టిగా వలదనక, ఖర్చు లెక్కతోపాటు బరువుల లెక్కయు వ్రాసి చూపుమని యడుగుడు. లెక్క వ్రాయనేర్చినవాడు తనకు తానే సగము సామాను తీసివేయును. ఆ మిగిలినదానితో అతడు క్షేమముగా ఇంటికి తిరిగివచ్చును.

అభ్యాసము

(1) పై 30 కిలోల పెట్టెను ఇరుసునకు 20 సెంటీమీటరులు మాత్రమే వెనుకగా నుంచిన, ముందుచక్రముపై ఎంత భారము తగ్గును?

(2) వెనుక స్ప్రాకెట్టునకు 38 పండ్లు, ముందుదానికి 17 పండ్లు గలవు. ముందుదానిని 16 పండ్లదిగా మార్చిన, లాగుబలము నూటికి ఎంత పెరుగును? అందువలన నష్టమేమి?

(3) మీ యింటి బండికి ఒక మార్పును తలంచి, దానివలన కదలు ఇతర భాగములను వ్రాయుము.