కంప్యూటర్ చిట్టా: ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి?

ఈ పాఠం చదివిన తరువాత మీరు కంప్యూటర్ రాసే చిట్టా నిండినప్పుడు ఏమవుతుందో చెప్పగలుగుతారు. ముఖ్యమైన నమోదులు పోకుండా కాపాడగలుగుతారు.

కొట్టులో చిట్టా రాయడం మీరు చూసే ఉంటారు. జరిగింది జరిగినట్టు వరుసగా రాసుకొని, తరువాత పద్దులవారీగా ఆవర్జాలోకి ఎత్తుతారు. కంప్యూటర్ కూడా ఇలాంటి చిట్టా రాస్తుంది. దీనిని ఈవెంట్ లాగ్ అంటారు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఎవరి పాస్‌వర్డ్ తప్పింది మొదలైనవన్నీ తేదీ, సమయంతో సహా ఇందులో చేరతాయి. అయితే వీటిలో ముఖ్యమైనవాటిని ఏరి వేరే చోట భద్రపరిచే పని కంప్యూటర్ తనంతట తాను చేయదు.

విండోస్‌లో భద్రతకు సంబంధించిన చిట్టాకు సాధారణంగా 20 మెగాబైట్ల చోటు ఉంటుంది. అది నిండితే, మనం వేరే ఏర్పాటు చేయనంతవరకు, అన్నిటికంటే పాత నమోదులు చెరిగిపోయి కొత్తవి చేరతాయి.

ఒక సహకార సంఘం కార్యాలయం ఉందనుకోండి. సోమవారం రాత్రి ఎవరో నలభైసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టి, చివరకు లోపలికి ప్రవేశించారు. తప్పిన ప్రతి ప్రయత్నానికి 4625, ఫలించినదానికి 4624 అనే సంఖ్యతో నమోదు జరిగింది. మరునాటి నుంచి ఒక ప్రోగ్రాం తన పని కోసం నిమిషానికి పదిసార్లు లాగిన్ అవుతోంది. ప్రతిసారీ ఒక 4624! నెల తరువాత సభ్యుల ఖాతాలలో తేడా కనబడి చిట్టా తెరిస్తే, సోమవారం నాటి ఆనవాలే ఉండదు. వయసు ఒక్కటే చూసి తీసివేస్తే ఇదే చిక్కు.

అలాగని అన్నీ ఎల్లకాలం దాచనక్కరలేదు. సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు, కంపెనీలు మొదలైనవి తమ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. కనుక ముందు చిట్టాకు చోటు పెంచాలి. తప్పిన లాగిన్లు, కొత్త యూజర్ చేరిక, అధికారాల మార్పు వంటివాటిని రోజూ వేరే కంప్యూటర్‌లోకి నకలు తీసి, గడువు దాటినా ఉంచాలి. మిగిలినవి గడువు తీరాక తీసివేయవచ్చు. తీసివేసే ముందు నకలు తెరుచుకుంటుందో లేదో తప్పక చూడండి. చాలామంది ఇది మరచిపోతారు.

మరో మాట. ఆ చిట్టాను ఎవరైనా పూర్తిగా చెరిపితే, చెరిపినవారి యూజర్ పేరుతో 1102 అనే నమోదు చేరుతుంది. దానిని ఎప్పుడూ తీసివేయకండి.

పాఠ్యగత ప్రశ్న

కింది వాటిలో 180 రోజుల తరువాత కూడా ఏది ఉంచుతారు? కారణం మీ సొంత మాటలలో రాయండి.
(అ) ప్రింటర్‌లో కాగితం అయిపోవడం
(ఆ) రాత్రి 2 గంటలకు కొత్త యూజర్ చేరడం
(ఇ) నెట్‌వర్క్ క్షణకాలం తెగి మళ్లీ కలవడం