గడ్డి కింద పదును

వనస్థలిపురంలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నానన్న మాటేగానీ, మొగులు పట్టిందంటే మనసు చౌటుప్పల్ అవతలి మా రెండెకరాల చెలక మీదికే పోతుంది. బోరు లేని ఆ ఎర్రనేల నాతో తప్పులు చేయించి మరీ నేర్పిన పాఠాలివి.

1. కురిసిన వానంతా మనది కాదు. మా వైపు ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. తక్కువేం కాదు. కానీ చినుకు నేరుగా తగిలితే ఎర్రమట్టి పైన పక్కు కడుతుంది. తర్వాతి వాన లోపలికి దిగక వాగు పాలవుతుంది. గడ్డి పరిస్తే ఆ దెబ్బ గడ్డే తింటుంది.

2. పదును మీదే పరవాలి. మొదటి ఏడు తొందరపడి పొడినేల మీద పరిచాను. మూడు జల్లులు పడ్డా గడ్డే తడిసింది. ఎత్తి చూస్తే కింద దుమ్ము! ఇప్పుడు మంచి వాన పడి, మొలక జానెడు ఎదిగి, గుంటక తోలాకే పరుస్తాను.

3. పలచగా చల్లితే దండగ. మూడు నాలుగు అంగుళాల మందం ఉండాలి. ఎకరమంతా అలా కప్పాలంటే చాలా గడ్డి పడుతుంది. అంత లేకపోతే కొన్ని సాళ్లకే సరిగ్గా కప్పండి.

4. మొదలుకు బెత్తెడు దూరం వదలండి. ఎర్రనేలలో చెదలు తప్పవు. గడ్డిని తింటే తిననీ, మొక్క మొదలు దాకా దారి మాత్రం వేయొద్దు.

5. కప్పాలి, కలపకూడదు. ఒకసారి ఎండుగడ్డిని నేలలో కలిపి దున్నేసి వెంటనే మక్క పెట్టాను. పైరు పసుపు పచ్చబడింది. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే తీసుకుంటాయట. పైన పరిస్తే ఆ బాధ పెద్దగా ఉండదు.

6. పశువు నోటికాడి గడ్డి లాగొద్దు. జొన్న చొప్ప, మంచి వరిగడ్డి వాటివి. చేనుకు కందికట్టె, తడిసి బూజుపట్టిన గడ్డి చాలు. పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్న రోజుల్లో మామిడి పెట్టెల్లోంచి పారేసిన గడ్డిని గోనెసంచుల్లో మోసుకెళ్లేవాణ్ణి. గట్ల మీద గిరిపుష్పం పెంచి కొమ్మలు నరికి వేయడం మన పక్కనే హయత్‌నగర్‌లో ఉన్న మెట్ట వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో చూసి నేర్చుకున్నదే.

7. చేయి పెట్టి చూడాలి. ఒక ఆగస్టులో ఇరవై రోజులు చుక్క లేదు. ఉత్త సాలులో వేలు దిగలేదు, నేల కుండపెంకులా ఉంది. గడ్డి పక్కకు తీసి గుచ్చితే రెండు కణుపులు దిగింది, వేలికి చల్లటి మన్ను అంటింది. ఆ చల్లదనమే కందిని బతికించింది.

యాసంగి వరికోత మిషన్ వెళ్లగానే చాలామంది మడికి అగ్గిపుల్ల గీస్తారు. ఈసారి గీయకండి. ఆ గడ్డిని కుప్ప పెట్టి, వానాకాలంలో నాలుగు సాళ్లకైనా పరిచి, బెట్ట వచ్చిన రోజు వేలు గుచ్చి చూడండి.