చమురింజనులో నిప్పెట్లు పుట్టును?

విశాఖపట్టణమునకు పనిమీద వచ్చు మన సంఘసభ్యులు పెక్కుమంది ద్వారకా నగరులోని బస్సుల సముదాయమున దిగుచుందురు. చలికాలపు వేకువను బయలుదేరు బస్సు మొదట తెల్లని పొగను విడిచి, టకటక చప్పుడుచేసి, కొంతసేపటికి సర్దుకొనుట వారు చూచియుందురు. పొలములో నీరుతోడు మన ఇంజనును అట్లే చేయును. హేతువు తెలిసినచో చమురు ఖర్చును, మరమ్మతును కొంత తగ్గించుకొనవచ్చును గనుక ఇచట వివరించుచున్నాము.

పెట్రోలు ఇంజనులో విద్యుత్తు రవ్వ నిప్పంటించును. డీసెలు ఇంజనులో రవ్వ లేదు. ముందుగా గాలి మాత్రమే లోనికి పోవును. పిస్టను దానిని ఇంచుమించు పదునారవ వంతునకు అదుమగా 500 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి వేడెక్కును. సైకిలుపంపుతో గాలికొట్టునపుడు పంపు అడుగు వేడెక్కుట ఎరుగనివారుండరు, ఇదియు అట్టిదే. ఆ వేడిగాలిలోనికి నాజిలు చమురును మంచువలె చిమ్మగా, అది తనంత తానే అంటుకొనును.

అయితే చిమ్మిన క్షణముననే అంటుకొనదు. తుంపరలు ఆవిరి కావలెను, ఆవిరి గాలితో కలియవలెను, కలిసినది వేడెక్కవలెను. దీనికి సెకనులో సుమారు వెయ్యవ వంతు పట్టును. స్వల్పకాలమే యని తోచును గాని, నిమిషమునకు 1500 చుట్లు తిరుగు ఇంజనులో అంతలోనే చక్రము 9 డిగ్రీలు తిరిగిపోవును. చమురు మరీ చిక్కగానున్న చోట గాలి చాలదు, పైగా ఆవిరియగుటకు ఉన్న వేడినంతయు లాగుకొనును. మరీ పలుచనైన చోట అంటుకొనుటకు చమురే చాలదు. ఈ రెంటి నడుమ కలయిక కుదిరిన తావుననే మొదటి నిప్పు పుట్టును.

నాజిలు చెడి చమురు బొట్లుబొట్లుగా కారినను, రింగులు అరిగి అదుముడు తగ్గినను, ఇంజను చల్లగానున్నను ఈ ఆలస్యము పెరుగును. అంతవరకు పోగుపడిన చమురు ఒక్కుమ్మడి మండుటచేత సుత్తితో కొట్టినట్లు చప్పుడగును. అంటుకొనని ఆవిరి తెల్లపొగయై వెడలును.

నల్లపొగ సంగతి వేరు. కిలో డీసెలు పూర్తిగా కాలుటకు సుమారు 14న్నర కిలోల గాలి, అనగా దాదాపు 12 ఘనమీటర్లు కావలెను. గాలి ఫిల్టరు దుమ్ముతో పూడినను, ఇంజనుపై బరువు మించినను, చమురు గాలి దొరకక మసియగును. నల్లపొగ వచ్చుచుండగనే ఇంకను చమురు హెచ్చించువారు కలరు. వారు రూకలను పొగగొట్టము గుండ ఆకాశమునకు పంపుచున్నారు.

డీసెలునకు తానంటుకొను గుణము ఎంతగలదో తెలుపు కొలతను సీటేను సంఖ్య యందురు. 2020 ఏప్రిలు నుండి మన దేశమున అమ్ము డీసెలునకది 51కి తగ్గరాదని నియమము. పెట్రోలు ఇంజనులో తానంటుకొనుట దోషము గనుక పెట్రోలును మొండిదానిగా తయారుచేయుదురు. అట్టిదానిని డీసెలులో కలిపినచో ఆలస్యము హెచ్చునేగాని మేలులేదు. 1900లో పారిస్ ప్రదర్శనమున ఒక చిన్న డీసెలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపిరి. మన వేరుశనగ రైతులకిది వినసొంపైన సంగతియే. కాని ఆ నూనె చిక్కనిదగుటచే సన్నని తుంపరలుగా విడివడదు, నాజిలు కొనను మసి పేరుకొనును. ధర సంగతి అటుంచి, నేటి ఇంజనులలో దానిని పోయరాదు.

నాజిలును విప్పి పరీక్షించునపుడు ఎన్నడును చేయి అడ్డుపెట్టరాదు. చిన్న ఇంజనులలో సైతము చమురు సుమారు 200 వాతావరణముల ఒత్తిడితో వెడలి చర్మమును దూసికొని లోనికి పోగలదు. గాయము సూదిపోటంతయే కనబడినను, నొప్పి లేకున్నను, వెంటనే ఆసుపత్రికి పోయి చమురు లోనికి పోయినదని వైద్యునితో చెప్పవలెను.