ఒక్క మాట వదిలేస్తే...

పిల్లలూ! ఆహారం మీద వ్యాసం రాయమంటే మీరేం చేస్తారు? పుస్తకం తెరిచి అంకెలు ఎత్తి రాస్తారు, అంతేనా? మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అదే చేసింది. ఏం జరిగిందో వినండి.

వైజ్ఞానిక ప్రదర్శన కోసం ఆమె మొదట ఎంచుకున్న విషయం 'మన ఆహారం'. “ఇది సముద్రమమ్మా! ఒక చెంబుడు ముంచుకో, చాలు” అన్నాను. చివరకు 'దంపుడు బియ్యం మేలా, మర బియ్యం మేలా?' అన్న ప్రశ్న దగ్గర ఆగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో వెలువరించిన, భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకం నా దగ్గరుంటే ఇచ్చాను. దాన్ని పట్టుకుని వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చుంది. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు.

రెండు రోజుల్లో వ్యాసం సిద్ధం! “100 గ్రాముల దంపుడు బియ్యంలో బి1 విటమిను 0.21 మిల్లీగ్రాములు. మర బియ్యంలోనూ 0.21. కనుక మర ఆడిస్తే నష్టం లేదు” అని ముగించింది.

“మరి ఐక్‌మన్ కోళ్ళ సంగతేమిటి?” అన్నాను. 1890ల్లో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు గమనించిన విషయమది. తెల్లటి మర బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు చచ్చుబడ్డాయి. పైపొర పోని బియ్యం పెడితే కోలుకున్నాయి. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. “పొరపాటు ఆయనదా, నీదా? చూసి రా!”

అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. అయినా మళ్ళీ వెళ్ళి, పట్టికలో వరుస కింద స్కేలు పెట్టి చదివింది. 0.21 ఉన్నది 'ఉప్పుడు బియ్యం, మర ఆడించినవి' అన్న వరుసలో. 'ఉప్పుడు' అన్న మాటను వదిలేసింది! మనం రోజూ వండుకునే పచ్చి బియ్యాన్ని మర ఆడిస్తే మిగిలేది 0.06 మాత్రమే.

ఎందుకీ తేడా? బి1 ఎక్కువగా ఉండేది తవుడులో. మర ఆడిస్తే తవుడుతోపాటు అదీ పోతుంది. ఉప్పుడు బియ్యానికైతే ముందుగా వడ్లను నానబెట్టి ఉడికిస్తారు. అప్పుడు విటమిను కొంత నీటితో గింజ లోపలికి చేరుతుంది. ఆ తరువాత తవుడు పోయినా అది మిగులుతుంది. అందుకే ఒకప్పుడు పచ్చి మర బియ్యం తినే మన ఉత్తర సర్కారుల్లో బెరిబెరి జబ్బు పీడించగా, ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో అది అరుదుగా ఉండేది.

చూశారా! ఆ ఒక్క మాటలోనే అసలు విషయమంతా ఉంది. తప్పు దిద్దుకున్నాక ఆమె వ్యాసం ముందుకన్నా ఎంతో బాగుంది.

మీరు వ్యాసం రాసేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. అంకెతోపాటు ఆ వరుసలోని ప్రతి మాటా, పుస్తకం అచ్చయిన సంవత్సరమూ రాసుకోవాలి. ఆ సంస్థే 2017లో కొత్త పట్టికలు వెలువరించింది, వాటితోనూ పోల్చాలి. జవాబు తెలిసిన సత్యానికి ఎదురు తిరిగితే, ముందు మన లెక్కే సరిచూసుకోవాలి.

ఇక మీకో పని: బి1 నీటిలో కరుగుతుంది. మీ ఇంట్లో బియ్యం ఎన్నిసార్లు కడుగుతారు? గంజి వారుస్తారా? ఆ గంజి ఏమవుతోంది? అమ్మనడిగి రాసుకోండి. మీ మొదటి వ్యాసం అక్కడే మొదలవుతుంది.