లేసిక్ తర్వాత కంటికి దెబ్బ తగిలితే...

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మూడేళ్ల కిందట లేసిక్ చేయించుకున్నాను. నిన్న మా పాప గోరు కంట్లో గుచ్చుకుంది. నీళ్లు కారుతున్నాయి, చూపు మసకగా ఉంది. అప్పట్లో మిగిలిన చుక్కల మందు వేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దమ్మా, ఆ సీసా పక్కన పెట్టేయండి. లేసిక్‌లో కార్నియా పైపొరను పుస్తకం అట్టలా ఎత్తి, లోపల లేజర్‌తో సరిచేసి, మళ్లీ మూస్తారు. మూడేళ్లయింది, ఎప్పుడో అతుక్కుపోయి ఉంటుందని మీకు అనిపించవచ్చు. అంచులు గట్టిపడతాయి గానీ లోపలి అతుకు మునుపటి బలానికి ఎప్పటికీ రాదు. అందుకే ఏళ్ల తర్వాత కూడా గోరు, బంతి వంటివి తగిలి ఆ పొర జరిగిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి. అరుదే, కానీ మీ లక్షణాలు చూస్తే కొట్టిపారేయలేం. మామూలు గీరుడు కూడా కావచ్చు. తేల్చాల్సింది కంటి వైద్యులు పరికరంతో కంటిని పెద్దదిగా చేసి చూసే స్లిట్‌ల్యాంప్ పరీక్షే.

రెండ్రోజులు చూద్దామనుకుంటేనే చిక్కు. జరిగిన పొర త్వరగా సర్దితే చూపు సాధారణంగా బాగా కోలుకుంటుంది. ఆలస్యమైతే ముడతలు స్థిరపడతాయి, పొర కింద కణాలు పెరుగుతాయి. పాత చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. కన్ను నులమకండి, గుడ్డతో బిగించి కట్టకండి. కనుగుడ్డుకు తగలకుండా గట్టి రక్షణ కప్పు పెట్టుకోండి.

ఈరోజే కార్నియా నిపుణులున్న ఆసుపత్రికి వెళ్లండి. లేసిక్ అయిందని ముందే చెప్పండి, పాత కాగితాలుంటే తీసుకెళ్లండి. నొప్పి తగ్గినా సరే, వెళ్లడం మానకండి.