గుణించే ముందే కొట్టేయండి: భిన్నాల గుణకారం సులువుగా చేయడం ఎలా?

భిన్నాలను గుణించే సూత్రం చిన్నదే: లవాన్ని లవంతో, హారాన్ని హారంతో గుణించాలి. చిక్కల్లా ఆ తర్వాత వచ్చే పెద్ద సంఖ్యలతోనే. 8/15 × 25/36 ను నేరుగా గుణిస్తే 200/540 వస్తుంది. దాన్ని మళ్లీ కనిష్ఠ రూపంలోకి తేవాలి. కొట్టివేతలు ముందే చేసుకుంటే ఆ శ్రమంతా తప్పుతుంది. ఇదే లెక్కను మెట్టు మెట్టుగా చేద్దాం.

1. మిశ్రమ భిన్నాలుంటే ముందు అపక్రమ భిన్నాలుగా మార్చండి. పూర్ణసంఖ్య ఉంటే దాని కింద 1 రాయండి. మన లెక్కలో ఈ రెండూ లేవు.

2. పై వరసలో ఒక సంఖ్యను, కింది వరసలో ఒక సంఖ్యను తీసుకోండి. రెండూ ఒకే ఎక్కంలో పోతాయేమో చూడండి. పైన 8, కింద 36 రెండూ నాలుగో ఎక్కంలో పోతాయి. 8ని కొట్టి 2, 36ను కొట్టి 9 రాయండి.

3. మిగిలిన జతను చూడండి. పైన 25, కింద 15 అయిదో ఎక్కంలో పోతాయి. 25 స్థానంలో 5, 15 స్థానంలో 3 మిగులుతాయి.

4. పైన 2, 5. కింద 3, 9 ఉన్నాయి. పైకీ కిందికీ ఉమ్మడిగా పోయే ఎక్కం ఇంకేదీ లేదు.

5. ఇప్పుడు గుణించండి: పైన 10, కింద 27. జవాబు 10/27. ఇదే కనిష్ఠ రూపం.

ఇలా ఎందుకు కొట్టవచ్చు? గుణకారం ముగిశాక పై సంఖ్యలన్నీ కలిసి ఒకే లవం, కింది సంఖ్యలన్నీ కలిసి ఒకే హారం అవుతాయి. లవహారాలను ఒకే సంఖ్యతో భాగిస్తే భిన్నం విలువ మారదు. ఆ భాగహారాన్నే మనం ముందుగా చేస్తున్నాం. అందుకే మూడు నాలుగు భిన్నాలున్నా ఇదే పద్ధతి పనిచేస్తుంది.

మిశ్రమ భిన్నాల లెక్క ఒకటి చూడండి. ఒక గది గోడ పొడవు 3 3/4 మీటర్లు, ఎత్తు 1 3/5 మీటర్లు. వైశాల్యం 15/4 × 8/5. 15, 5 అయిదో ఎక్కంలో. 8, 4 నాలుగో ఎక్కంలో పోతాయి. పైన 3 × 2 మిగిలింది. వైశాల్యం 6 చదరపు మీటర్లు.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ నాలుగు చోట్ల:

- పైనున్న రెండింటినీ, లేదా కిందున్న రెండింటినీ ఒకదానితో ఒకటి కొట్టకూడదు.
- సంఖ్య పూర్తిగా పోతే అక్కడ మిగిలేది 1, సున్న కాదు.
- కూడికలో, తీసివేతలో ఈ పద్ధతి చెల్లదు. 3/4 + 4/9 లో 4లను కొట్టరాదు.
- భాగహారంలో ముందు రెండో భిన్నాన్ని తలకిందులు చేయాలి. 4/9 ÷ 9/8 అంటే 4/9 × 8/9. 9లు రెండూ కిందే ఉన్నాయి కాబట్టి కొట్టడానికి వీల్లేదు.

ఇది కొత్త కిటుకేమీ కాదు. 9వ శతాబ్దపు గణితవేత్త మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో, వీలైనచోట ఇలా అడ్డంగా కొట్టివేసి తర్వాతే భిన్నాలను గుణించమన్నాడు. ఆ గ్రంథాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన.

ఇక 14/27 × 18/35 మీరే చేయండి. 4/15 వస్తే పద్ధతి పట్టుబడినట్టే. రాకపోతే 2వ మెట్టు నుంచి మళ్లీ చూసుకోండి; ఎక్కాలు గట్టిగా వచ్చినవారికి ఇది తప్పక వశమవుతుంది.